జిగురు చుక్కలు

ఆవిడ కంట్లో పడిన మరకకి నూకలు చెల్లినట్టే. తుప్పు, సిరా, నూనె, నెత్తురు, టీ, ఏదైనా సరే. దేన్ని చన్నీళ్ళలో నానబెట్టాలో, దేన్ని బాగా ఆరనిచ్చి గోటితో లేపాలో ఆవిడకి కొట్టిన పిండి. మొగుడూ పెళ్ళాలది చిన్న లాండ్రీ. ఇస్త్రీ ఆయనది, మరకలు ఆవిడవి. అందుకే వీధంతా ఆవిడని మరకలమ్మ అంటారు. మొహం మీద అన్నా ఆవిడకి కోపం రాదు. ఉన్న కోపమంతా మరకల మీదే ఖర్చయిపోతుంది మరి.

కొట్టు కట్టేసి బయటికొచ్చినా ఆ చెయ్యి ఊరుకోదు. ఒకసారి బస్సులో ముందు సీట్లో కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి భుజానికి సున్నం అంటుకుని ఉంటే, ఉండబట్టలేక గోకబోయి నానా మాటలూ పడింది. "నీ చేతికి దురదే" అంటాడు మొగుడు. "దాన్ని శుభ్రం అంటారు" అంటుంది ఆవిడ. ఎవరి మాట నిజమో కథ అయ్యాక మీరే చెప్పుకోండి.

ఆ ఏడు ఊళ్ళో అంటుజ్వరాలు పట్టుకున్నాయి. ముసలివాళ్ళని గడప దాటొద్దన్నారు. గడప దాటకపోతే పాలెవరు తెస్తారు, మందులెవరు తెస్తారు? లైబ్రరీ హాల్లో కొంతమంది కలిసి ఆ పని నెత్తికెత్తుకున్నారు. వాళ్ళకి పెద్ద, బడిలో పిల్లల్ని ఎండలో నిలబెట్టి లెఫ్ట్ రైట్ అనిపించే డ్రిల్లు మాస్టారు. లాండ్రీకి బట్టలు రావడం తగ్గి చేతులు ఖాళీగా ఉండటంతో మరకలమ్మ కూడా వెళ్ళి పేరిచ్చింది. మాస్టారు అందర్నీ వరసలో నిలబెట్టి మరీ చెప్పాడు: సంచీ గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టాలి, బెల్లు కొట్టాలి, మెట్ల దాకా వెనక్కి రావాలి. వాళ్ళు తలుపు తీసి సంచీ అందుకునేదాకా కదలకూడదు. బాగున్నారా అని అడిగి, జవాబు విని, అప్పుడు వెళ్ళాలి. ఎవరెంత బతిమాలినా లోపలికి అడుగు పెట్టకూడదు.

ఈ నియమాలన్నిటికీ మరకలమ్మ తన సొంత నియమం ఒకటి కలుపుకుంది. తీసుకెళ్ళే ప్రతి వస్తువునీ స్పిరిట్ గుడ్డతో తుడవడం. పాల ప్యాకెట్టు, గుడ్ల అట్ట, సబ్బు, మందుల అట్ట, ఏదీ ఆ గుడ్డ నుంచి తప్పించుకోలేదు. ఉల్లిపాయల్ని కూడా తుడిచిందని విని మాస్టారు దణ్ణం పెట్టాడు. "తుడుచుకోనీండి మాస్టారూ, ఇంట్లో నన్నొక్కణ్ణే వదిలేసింది" అన్నాడు మొగుడు.

ఆవిడకి అప్పజెప్పిన ఇళ్ళలో ఆఖరిది వాచీల తాతది. పాత భవనం, రెండో అంతస్తు, ఒకటే గది. నలభై ఏళ్ళ పైన వాచీలు బాగుచేసిన మనిషి. కంటికి భూతద్దం పెట్టుకుని వంగి కూర్చుంటే, ఎదురుగా ఏనుగు వచ్చి నిలబడ్డా తెలిసేది కాదట. మూడేళ్ళ కింద ఉన్నట్టుండి కొట్టు మూసేశాడు. ఎందుకయ్యా అంటే, "ఇప్పుడు వాచీలెవరు బాగుచేయించుకుంటున్నారు?" అనేవాడు. నిజమే కదా అని అందరూ ఊరుకున్నారు. కొట్లో మిగిలిన గడియారాలన్నీ గదిలో గోడలకి తగిలించాడు. తలుపు తీయగానే వందమంది ఒకేసారి పళ్ళు కొరుకుతున్నట్టు టిక్కుటిక్కుమని ఒకటే చప్పుడు.

మొదటిరోజు సంచీ పెట్టి బెల్లు కొట్టి వెనక్కి వస్తుంటే ఆయన తలుపు తీశాడు. మరకలమ్మ వంక చూడలేదు. ఆవిడ పక్కనున్న గోడవంక చూస్తూ అన్నాడు.

"కొత్త మనిషివా? నీ ఎడం చెప్పు తెగింది. కుట్టించుకో అమ్మాయ్."

మరకలమ్మ వంగి చూసుకుంది. నిజమే, వారు సగం ఊడి నేలకి కొట్టుకుంటోంది. ఇంటికెళ్ళి మొగుడితో చెప్పింది. "ఆయనవి డేగ కళ్ళయ్యా! మెట్ల దగ్గర నిలబడితే చెప్పు తెగిందని కనిపెట్టేశాడు. కాకపోతే కాస్త పొగరు. మనిషి మొహంలోకి చూసి మాట్లాడడు." సంచీలోంచి ఒక్కో వస్తువూ తీసి చేత్తో తడిమి, అటూ ఇటూ తిప్పి మరీ లోపల పెట్టుకోవడం కూడా చూసింది. తూకం మోసం చేశామనుకుంటున్నాడు కాబోలు అని కాస్త నొచ్చుకుంది కూడా.

అలా కొన్నాళ్ళు సరుకులు మాత్రమే తీసుకెళ్ళింది. మందులు తెచ్చిచ్చే షాపు కుర్రాడు జ్వరం వచ్చి పడుకోవడంతో ఆ పనీ ఆవిడకే వచ్చింది. మందుల షాపులో సంచీ తీసుకుని, తాత ఇంటి కింద మెట్ల మీద కూర్చుని, గుడ్డ తీసి ఒక్కోటీ తుడవడం మొదలుపెట్టింది. రెండు మాత్రల అట్టలు. ఒకటే పొడుగు, ఒకటే వెడల్పు. ఒకదాని మూల మీద ఏదో గట్టిగా తగిలింది. చూస్తే ఎండిపోయిన జిగురు చుక్క. రెండోదాని మీద రెండు చుక్కలు. "ఈయన చేతులు పాడుగాను! సంచీలు అంటించిన చేతుల్తోనే మందులు ఇస్తాడా?" అని షాపాయన్ని తిట్టుకుంది. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు, గోటి కొన పెట్టి లేపింది. మూడు చుక్కలూ పొలుసుల్లా లేచొచ్చాయి. ఆ చోట స్పిరిట్ గుడ్డతో ఇంకోసారి రుద్దింది. అట్టలు అద్దాల్లా మెరిశాయి. ఆవిడ మనసు హాయిగా ఉంది.

"బాబాయ్‌గారూ, మీ మందులు శుభ్రంగా తుడిచి తెచ్చాను. ఇహ ఏ భయమూ లేదు" అంది మెట్ల దగ్గర నిలబడి.

తాత సంచీలో చెయ్యి పెట్టి అట్టలు తీశాడు. వేళ్ళతో తడిమాడు. తిప్పి మళ్ళీ తడిమాడు. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచి మూసేశాడు.

"ఏమైనా తగ్గిందా బాబాయ్‌గారూ?"

"ఏం లేదమ్మాయ్. మంచిది, వెళ్ళిరా" అని తలుపేసుకున్నాడు.

మళ్ళీ వెళ్ళినప్పుడు బెల్లు కొట్టాక తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. తాత చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. మిట్టమధ్యాహ్నం వేళ కళ్ళు మూతలు పడుతున్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది.  జ్వరమేమో అనుకుని అడిగితే, "జ్వరం లేదు, గిరం లేదు. రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున కునుకు తీశాను" అన్నాడు విసుగ్గా. దూరంనుంచి చూస్తే చెమటా కనిపించలేదు, వణుకూ కనిపించలేదు. వెళ్ళినప్పుడల్లా అడిగే తెగిన చెప్పు సంగతి మాత్రం ఈసారి ఎత్తలేదు. ఆవిడ కిందికి దిగుతుంటే ఏదో వెలితిగా అనిపించింది. సగం మెట్లు దిగాక అర్థమైంది. గదిలో గడియారాల చప్పుడు పలచబడింది. ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. కీ ఇచ్చే మనిషి నిద్రపోతున్నాడు.

మాస్టారుకి ఫోన్ చేసి చెప్పింది. "రేపు డాక్టరుగారిని ఒకసారి తొంగిచూడమంటాను" అన్నాడాయన. ఆవిడ రాత్రంతా అటూ ఇటూ దొర్లింది. పొద్దున్నే మిగతా ఇళ్ళ మందుల కోసం షాపుకి వెళ్ళింది. మనసు బాగోలేనప్పుడు ఎవరిమీదైనా ఎగరాలనిపిస్తుంది కదా, షాపాయన మీద ఎగిరింది.

"ఏమయ్యా, మందులు ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవా? మొన్న వాచీల తాత అట్టల నిండా జిగురే. నేను చూశాను కాబట్టి సరిపోయింది. గోకి పారేశాను."

షాపాయన చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది.

"గోకి పారేశావా అక్కా?"

"పారెయ్యకపోతే దాచుకోమంటావా?"

"అయ్యో, కొంప ముంచావే! అవి మరకలు కావక్కా, గుర్తులు. నేనే పెట్టాను. ఒక చుక్క ఉంటే పొద్దున వేసుకునే బీపీ మాత్ర. రెండుంటే రాత్రి నిద్ర మాత్ర. ఆయన వేళ్ళతో తడిమి వేసుకుంటాడు." షాపాయన గొంతు తగ్గించాడు. "ఆయనకి చూపు లేదక్కా. మూడేళ్ళయింది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. నీకు చెప్పి ఉండాల్సింది, నా బుద్ధి గడ్డి తింది."

మరకలమ్మకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గోడవంక చూసి మాట్లాడటం, సంచీ తడమడం, చెప్పు చప్పుడు. డేగ కళ్ళు అని మొగుడికి గొప్పగా చెప్పింది! నిద్ర మాత్ర పొద్దున వేసుకుంటున్నాడు. బీపీ మాత్ర రాత్రి వేసుకుంటున్నాడు. తన గోరే ఆయన్ని పడుకోబెట్టింది. షాపాయన వెనక నుంచి ఏదో అంటున్నా వినిపించుకోకుండా పరుగెత్తింది. తెగిన చెప్పు దారిలోనే ఎక్కడో వదిలేసింది.

రెండో అంతస్తు మెట్లెక్కుతుండగానే మాడు వాసన ముక్కుకి తగిలింది. బెల్లు కొట్టింది. తలుపు బాదింది. "బాబాయ్‌గారూ! బాబాయ్‌గారూ!" లోపల ఒక్క గడియారం కూడా పలకడం లేదు. అడుగు పెట్టకూడదన్న నియమం ఆవిడకి గుర్తుంది. గుర్తుండి ఏం లాభం? మూతి గుడ్డ పైకి లాక్కుని తలుపు తోసింది. గడియ పెట్టలేదు, తెరుచుకుంది.

గది నిండా పొగ. పొయ్యి మీద పాల గిన్నె ఎర్రగా కాలిపోయి ఉంది. పక్కనే తువ్వాలు అంచు నల్లబడుతోంది. పొయ్యి కట్టేసి, తువ్వాలు బకెట్లో ముంచి, కిటికీ రెక్కలు రెండూ తోసింది. తాత కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు. ఆవిడ భుజం పట్టుకుని ఊపింది. ఇంకా గట్టిగా ఊపింది. "ఊఁ" అన్నాడు. ఆ ఒక్క "ఊఁ" వినగానే ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. చన్నీళ్ళతో ఆయన మొహం తుడిచింది. 

మాస్టారుకి ఫోన్ చేసి, డాక్టరుని వెంటబెట్టుకు రమ్మంది. తాత నెమ్మదిగా తేరుకున్నాడు. కిటికీ దగ్గర కూర్చోబెడితే గాలి పీల్చుకుని, ఏం జరిగిందో అడిగి తెలుసుకున్నాడు. 

"మందుల షాపువాడు చెప్పేశాడా?"

"చెప్పాడు బాబాయ్‌గారూ. తప్పు నాది. ఆ చుక్కలు నేనే గోకేశాను. మీరు ఒక్క మాట నన్నడిగితే ఏది ఏదో చదివి చెప్పేదాన్ని కదా?"

"నీ చేత చదివించుకుంటే తెలిసిపోతుందిగా." తల దించుకున్నాడు. "షాపువాడు మర్చిపోయాడనుకున్నా. ఏదో ఒకటి అనుకుని వేసుకున్నా. తలకిందులైంది." తర్వాత చెయ్యి చాచి గాల్లో వెతికి, ఆవిడ చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. "అమ్మాయ్, మాస్టారుతో కునుకు పట్టిందని చెప్పు. కళ్ళ సంగతి ఎత్తకు. ఆయన నా చెల్లెలికి చెప్తాడు. దానికి తెలిస్తే రేపే వచ్చి నన్ను తీసుకుపోతుంది. మంచిదే అది, కాదనను. కాని అక్కడ ఏది ఎక్కడుందో నాకేం తెలుస్తుంది? ఇక్కడ మంచం నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి తలుపుకి అన్నీ నా చేతికి తెలుసు. ఇక్కడ నాకు కళ్ళతో పనిలేదు. అక్కడికెళ్తే నిజంగా గుడ్డివాణ్ణైపోతాను."

మరకలమ్మ ఆ చెయ్యి వదల్లేదు. సరేనని ఒక్క మాట అంటే చాలు, ఆయన గండం గడుస్తుంది. తన తప్పు కూడా అందులోనే కొట్టుకుపోతుంది. కాని ఆ మాడిన గిన్నె వంక చూస్తే నోరు రాలేదు. మడత లోపల దాచిన మరక ఏమవుతుందో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? గుడ్డ చిరిగేదాకా వదలదు.

"నేను దాచలేను బాబాయ్‌గారూ. మీరు తిట్టినా సరే."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

డాక్టరూ, మాస్టారూ వచ్చారు. ఆవిడ మొదలు తన గోటి దగ్గరే పెట్టి అంతా చెప్పింది. డాక్టరు నాడి చూసి, బీపీ చూసి, ప్రాణానికి భయం లేదన్నాడు. తాత మొహం గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ వెళ్ళొస్తానన్నా ఇటు తిరగలేదు. సాయంత్రానికల్లా చెల్లెలికి కబురు వెళ్ళింది.

ఇంటికొచ్చి మొగుడి దగ్గర వెళ్ళబోసుకుంది. ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, మడత పెట్టిన చొక్కా కాలరు తిప్పి చూపించాడు. లోపలి అంచున రెండు ఎర్ర దారప్పోగులు. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి ఆవిడే కుట్టే గుర్తు. "మొన్న నా తమ్ముడు దారం వేలాడుతోందని ఇది కత్తిరిస్తే, వాణ్ణి వారం రోజులు కొట్టు గుమ్మం ఎక్కనిచ్చావా?" అన్నాడు. దెప్పడానికి అనలేదు. అయినా ఆవిడకి చురుక్కున తగిలింది. బతుకంతా గుర్తుల మీదే నడుస్తోంది, ఇంకొకళ్ళ గుర్తు మాత్రం మురికిలా కనిపించింది.

మళ్ళీ సంచీ ఇచ్చే రోజు వచ్చింది. చెల్లెలు దిగిందని అప్పటికే అందరికీ తెలుసు.

"ఆ ఇంటికి ఇంకెవరినైనా పంపండి మాస్టారూ. ఆయన మొహం చూడలేను" అంది.

"ఆయన నీ మొహం ఎప్పుడు చూశాడమ్మా? వెళ్ళు" అన్నాడు మాస్టారు.

వెళ్ళింది. మందుల షాపాయన కొత్త అట్టల మీద ఇదివరకటి కన్నా పెద్ద చుక్కలు పెట్టాడు. ఆవిడ ఆ అట్టల్ని ఉతికిన చేతిరుమాల్లో చుట్టి, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని మెట్లెక్కింది. సంచీ స్టూలు మీద పెట్టి, బెల్లు కొట్టి, వెనక్కి వచ్చి నిలబడింది. గది ఖాళీ అయిపోయి ఉంటుందనీ, ఇదే ఆఖరి సంచీ అనీ గుండె రాయి చేసుకుంది. అప్పుడు వినిపించింది టిక్కుటిక్కు. ఒకటీ రెండూ కాదు, మునుపటిలా గోడల నిండా.

తలుపు తీసింది చెల్లెలు. బొద్దుగా, అన్నలాగే పెద్ద ముక్కు. భుజానికి ప్రయాణం సంచీ వేలాడుతోంది.

"నువ్వేనా చుక్కలు గోకిందానివి?"

"నేనే అత్తయ్యగారూ" అంది మరకలమ్మ, నేలలోకి కుంగిపోతూ.

"బాధపడకు. నేను నీకేం తీసిపోలేదు." చెల్లెలు నిట్టూర్చింది. "వచ్చిన పూటే గదంతా సర్దిపెట్టాను. మంచం గోడ దగ్గరికి జరిపాను, కుర్చీ అటు తిప్పాను, డబ్బాలన్నీ పై అరలో పెట్టాను. మా అన్న మంచానికి తగిలి పడ్డాడు. కుర్చీకి తగిలి పడ్డాడు. చక్కెర అనుకుని సబ్బుపొడి కలుపుకోబోయాడు. మూడేళ్ళు ఒక్కడే ఉండి ఒంటి మీద గీత పడనివాడు, నేను ప్రేమగా చూసుకోబోతే రెండు రోజుల్లో మోకాళ్ళు కొట్టుకుపోయాయి. ఇహ మా ఇంటికి తీసుకెళ్తే ఏం మిగులుతాడు? నిన్నంతా కూర్చుని, ఏది ఎక్కడుండేదో ఆయన చెప్తుంటే మళ్ళీ అక్కడే పెట్టాను. వారానికోసారి వచ్చి చూసిపోతాను. వస్తువు మాత్రం ముట్టుకోను." పైట చెంగుతో కళ్ళొత్తుకుని, "ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఏం పోయేది ఈయనకి?" అంది లోపలికి వినపడేలా.

"చెప్పాను కదే ఇప్పుడు" అంటూ తాత గుమ్మంలోకి వచ్చాడు. మోకాలికి కట్టుంది. చొక్కా సరిగ్గానే తొడుక్కున్నాడు. ఓ క్షణం తల ఓరగా పెట్టి విన్నాడు.

"కొత్త చెప్పులు కొన్నావే."

మరకలమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. 

ఆయన ఎప్పటిలా గోడవంక చూడలేదు. ఏదో చూస్తున్నట్టు నటించనూ లేదు. ఎదురింటివాళ్ళు తలుపు తీసుకుని చూస్తున్నారు, మెట్ల మీద ఎవరో వెళ్తున్నారు. ఆయన అందరి ముందూ చెయ్యి చాచి గాల్లో తడుముతూ, ఊరికి వినపడేంత గొంతుతో అడిగాడు.

"అమ్మాయ్, నాకు కనపడదు. సంచీ ఎక్కడ పెట్టావో చెప్పు."

"స్టూలు మీద బాబాయ్‌గారూ. మీ కుడిచేతి పక్కన. కొంచెం కిందికి."

చెయ్యి సంచీని అందుకుంది. రుమాలు మడత విప్పి, వేళ్ళు అట్టల మూలలు వెతుక్కున్నాయి.

"ఒకటి" అన్నాడు తాత. రెండో అట్ట మీద కాస్త ఆగాడు. "రెండు. ఉన్నాయమ్మాయ్, ఇహ నువ్వు వెళ్ళు."